నరవానర దాయాదవిచారము

1. ప్రశ్నస్వరూపము

కోనసీమయందు ముక్తేశ్వరమునకు సమీపమున నున్న ఐనవిల్లి సిద్ధివినాయకక్షేత్రముగాఁ బ్రసిద్ధమైన గ్రామము. ఆ ప్రాంతమున నూయి త్రవ్వినను, జెఱువు త్రవ్వినను, ఒండ్రుమట్టియు నిసుకయుఁ దప్ప ఱాయి దొరకదు. ఇంటింటి ఱోలును సన్నెకల్లును మెరకసీమలనుండి తెచ్చుకొన్నవే. దీనికిఁ గారణము స్పష్టము. సముద్రము నేఁటి మట్టమునకు వచ్చి నిలిచిన పిమ్మట, గడచిన ఆఱేడువేల యేండ్లలో, గోదావరి మోసికొని వచ్చిన మన్నుతో నీ సీమ పెరిగినది. నరజాతి పుట్టుకయో లక్షలయేండ్లతోఁ గొలువవలసిన విషయము. కావున నీ వ్యవహారమునఁ గోనసీమ నేలను సాక్షిగాఁ బిలుచుట కవకాశము లేదు. వ్యవహారముకంటె సాక్షి మిక్కిలి పిన్న.

అయినను వేఱొక విధమున నీ సీమ విచారమునకు మొదటి దృష్టాంతము నొసఁగుచున్నది. భారతదేశమున సామాన్యముగాఁ గానవచ్చు కోఁతులలో రెండు జాతు లున్నవి. ఒకటి తోఁక పొట్టిదై, వెనుకభాగ మెఱ్ఱఁబాఱియుండు నుత్తరదేశపుఁ గోఁతి. రెండవది తోఁక పొడవై, నడినెత్తిని వెండ్రుకలు సుడితిరిగి కుళ్లాయివలెఁ గనఁబడు దక్షిణదేశపుఁ గోఁతి. తూర్పుదిక్కున గోదావరియు, పడమట తపతియు నీ రెంటికి మేర యని జీవశాస్త్రజ్ఞులు చిరకాలము చెప్పుచు వచ్చిరి. ఇటీవలి దశాబ్దములలో నుత్తరపుఁ గోఁతి గోదావరిని దాఁటి, దక్షిణపుఁ గోఁతిని వెనుకకుఁ ద్రోయుచున్నట్లు 2011లోఁ బ్రకటితమైన పరిశోధనము తెలిపినది.

ఈ రెండు జాతులను జూచినవాఁ డెవ్వఁడును ఒకటి మఱియొకదానినుండి పుట్టినదని యనఁడు. రెండును ఒక్క ప్రాచీనవంశమునుండి చీలినవనియే యనును. ఇదే న్యాయమును మనుష్యునియెడ నన్వయించునప్పుడు మాత్రము లోకము తొట్రుపడుచున్నది. "మనుష్యుఁడు కోఁతినుండి పుట్టెను" అను వాక్యము పరిణామవాదమున కుద్దేశవాక్యమని పాఠశాలలలోఁ బలువురు తలఁచుచున్నారు. నమ్మువారును దానినే నమ్ముచున్నారు. పరిహసించువారును దానినే పరిహసించుచున్నారు. ఆ వాక్యము పరిణామవాదులది కాదు. అది యెట్లు కాదో, నిజమైన సిద్ధాంత మేదో, ఆంధ్రదేశపు నేల యందుకు నొసఁగిన సాక్ష్య మెంతయో నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

2. పదవిచారము

భ్రాంతికి మొదటి కారణము శబ్దదారిద్ర్యము. అమరకోశము సింహాదివర్గమునఁ గోఁతికి తొమ్మిది పేళ్లు చెప్పినది. కపి, ప్లవంగము, శాఖామృగము, వలీముఖము, మర్కటము మొదలగు నీ శబ్దములన్నియుఁ బర్యాయములే కాని జాతిభేదబోధకములు కావు. తెలుఁగున కోఁతి, కొండముచ్చు అను భేదము కలదు. కాని రెండును తోఁకగలవే. తోఁకలేక, మనుష్యునకు మిక్కిలి సన్నిహితములైన ప్రాణు లాంధ్రదేశమున లేవు. కావున వానికి దేశ్యమైన పేరును లేదు. భారతదేశమున నా తెగకుఁ జెందినది యీశాన్యపు టడవులలోని గిబ్బనొక్కటియే. ఒరాంగుటాను సుమత్రా బోర్నియో ద్వీపములందును, గొరిల్లా, చింపాంజీ, బొనోబోలు ఆఫ్రికాయందును వసించును. వీనిని పుచ్ఛహీనవానరములని వ్యవహరించినచో సందేహము కొంత తీఱును. ఆంగ్లమున వీనికిని సామాన్యపుఁ గోఁతులకును వేఱువేఱు పేళ్లున్నవి. తెలుఁగున రెంటికిని కోఁతి యను నొక్క పేరే చెల్లుటచేత, శాస్త్రవాక్యము భాషాంతరమున వికృతార్థము పొందినది.

రెండవ కారణము "పుట్టుట" యను క్రియ. ఇచట భాషాచరిత్రము నెఱిఁగినవారికిఁ జక్కని యుపమానము కలదు. తెలుఁ గఱవమునుండి పుట్టెనా యను ప్రశ్న యొకకాలమునఁ బండితులను మిక్కిలి కలఁచినది. 1816లో ఎల్లిస్ దొర దక్షిణభాషలు సంస్కృతజన్యములు కాక వేఱొక కుటుంబమునకుఁ జెందినవని చూపెను. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణమును బ్రకటించెను. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుఁగు ధాతువులను బరిశోధించి, గోండి కువి మున్నగు భాషలతో తెలుఁగునకుఁ గల సాన్నిహిత్యమును స్థాపించిరి. తేలిన దేమనఁగా, నేఁటి యఱవము తెలుఁగునకుఁ దల్లి కాదు. నేఁటి తెలుఁ గఱవమునకుఁ దల్లి కాదు. రెండును నేఁడు లేని మూలద్రావిడభాషకు సంతానములు. అందుఁ దెలుఁగునకు గోండి దగ్గఱ జ్ఞాతి, అఱవము కొంత దూరపు జ్ఞాతి.

పరిణామవాదులు చెప్పునదియు నింతే. నేఁటి చింపాంజీ మనుష్యునకుఁ దండ్రి కాదు, తాతయుఁ గాదు, దాయాది. ఇరువురకును మూలపురుషుఁడైన ప్రాణి సుమారు 60, 70 లక్షల యేండ్ల క్రిందటిది. అది నేఁడు లేదు. గొరిల్లావంశ మంతకుమున్ను, ఒరాంగుటానువంశ మంతకంటెను మున్ను చీలినవి. తోఁకగల కోఁతులు రెండుకోట్ల యేండ్లకుఁ బైఁబడిన కాలముననే వేఱుపడినవి. కావున చింపాంజీకి గొరిల్లాకంటె మనుష్యుఁడే సమీపబంధువు. ఈ యుపమానము కల్పితము కాదు. 1863లో ష్లైఖరను జర్మనుపండితుఁడు భాషలకును జీవజాతులకును వంశవృక్షన్యాయ మొక్కటియే యని వ్రాసెను. 1871లో డార్విను తన నరవంశగ్రంథమున నీ పోలికను స్వీకరించెను.

3. 1863వ సంవత్సరము

ఈ శాస్త్రమున 1863 స్మరణీయమైన యేఁడు. ఆ యేఁట హక్స్లీ, ప్రకృతియందు మనుష్యుని స్థానమును గూర్చిన తన గ్రంథమును బ్రకటించెను. అంతకు నేడేండ్లకు ముందు జర్మనీలోని నియాండరులోయ గుహలో విచిత్రమైన పుఱ్ఱెపెంకొకటి దొరకియుండెను. గాల్వే నగరమున భూగర్భశాస్త్రోపాధ్యాయుఁడైన విలియం కింగు, అది నేఁటి మనుష్యజాతికిఁ జెందినది కాదనియు, వేఱొక నరజాతి యనియు నాయేఁడే ప్రతిపాదించి, నియండర్తాలు పేర నామకరణము చేసెను. లుప్తమైన నరజాతి యొకటి కలదని శాస్త్రరీతిని బేరుపెట్టి చెప్పినవారిలో నతఁడే ప్రథముఁడు. అట్టి ప్రాణికి మృగబుద్ధిని మించిన యాలోచన యుండఁజాలదని కూడ నతఁడు తలఁచెను.

ఆ సంవత్సరమే మే 30వ తేదీని మద్రాసు దగ్గఱి పల్లావరమున, భారత భూగర్భపరిశోధనశాఖలోని రాబర్టు బ్రూసు ఫుటు కంకరనేలలో నొక చెక్కిన ఱాతిపనిముట్టును గనుఁగొనెను. భారతదేశమునఁ బ్రాచీనశిలాయుగపరిశోధన మా ఱాతితో మొదలైనది. సెప్టెంబరు నెలలో ఫుటు తన సహోద్యోగితోఁ గూడి అత్తిరంపాకమునఁ మఱికొన్ని పనిముట్లను గనుఁగొనెను. ఆ సహోద్యోగి పేరును విలియం కింగే. అతఁడు గాల్వే ఉపాధ్యాయునకుఁ బుత్త్రుఁడు. తండ్రి యూరపులో లుప్తనరజాతికిఁ బేరుపెట్టిన యేఁటనే, కుమారుఁడు దక్షిణదేశమున లుప్తనరుల పనిముట్ల నేఱుకొనుచుండెను.

పిన్న కింగునకును ఆంధ్రదేశమునకును సంబంధ మంతటితో ముగియలేదు. 1872లో కడప కర్నూలు శిలాశ్రేణులను గూర్చియు, 1880లో గోదావరిమండలపు సముద్రతీరభాగపు శిలలను గూర్చియు, 1881లో ప్రాణహిత గోదావరీలోయను గూర్చియు నతని గ్రంథములు వెలువడినవి. పిమ్మట నాశాఖ కతఁ డధ్యక్షుఁ డయ్యెను. తండ్రి పేరుపెట్టిన జాతికిని, తాను నడచిన గోదావరీతీరవాసులకును సంబంధము కలదని యతఁడు కలనైన నెఱుఁగఁడు. ఆ సంబంధము ముందు చూపఁబడును.

కర్నూలుసీమలో బేతంచెర్ల దగ్గఱ బిల్లసురగమను సున్నపుఱాతిగుహ లున్నవి. 1844లో న్యూబోల్డు వీనిని గూర్చి వ్రాసెను. పిమ్మట హక్స్లీ పండితుని ప్రేరణముచే, మద్రాసు గవర్నరైన గ్రాంటుడఫ్ కాలమున, 1883 మొదలు 1885 వఱకు ఫుటును, అతని కుమారుఁడైన హెన్రీ ఫుటును ఆ గుహలను ద్రవ్వించిరి. యూరపు గుహలలోవలెఁ బ్రాచీననరుని యస్థులు దొరకునని వారి యాశ. మృగముల యెముకలు విస్తారముగా దొరకినవి. లైడెక్కరు వానిని 1886లో వర్ణించెను. వానిలో నాఫ్రికాదేశపు బబూనును బోలిన వానరపు టవశేషములును గలవు. లుప్తనరుని యెముక మాత్రము దొరకలేదు. 2014లోఁ బ్రకటితమైన పునఃపరిశోధనమునఁ దేలిన దేమనఁగా, ఆ గుహలలోని మృగజాతులు దాదాపుగా నన్నియు లక్షయేండ్లకుఁ బైఁబడి యీ దేశముననే నిలిచియున్నవి. ఇథియోపియాకొండలలో నేఁడున్న గెలాడాకుఁ జుట్టమైన యా వానరము మాత్రము నశించినది.

4. రామనామాంకితమైన యొక పొరపాటు

నరవంశమూలమును భారతదేశముననే చూపవలెనను కోరికచే నొక పొరపాటు జరిగినది. శివాలికుకొండలలో దొరకిన వానరపు దవడముక్క నొకదానిని, ఎడ్వర్డు లూయిసను నతఁడు 1934లో వర్ణించి, శ్రీరాముని పేరఁ "రామపిథికస్" అని వ్యవహరించెను. ఆ కొండలలోనిదే మఱియొక వానరమునకు శివుని పేర "శివపిథికస్" అని పిల్‌గ్రిమను భూగర్భశాస్త్రజ్ఞుఁ డంతకుమున్నే పేరిడియుండెను. 1960 తరువాత ఎల్విన్ సైమన్సు మొదలగువారు, రామపిథికస్ నరవంశమునకు మూలపురుషుఁడనియు, అది కోటియు నలువదిలక్షల యేండ్ల క్రిందటిదనియు వాదించిరి. పెక్కు పాఠ్యపుస్తకములు దానినే బోధించినవి.

1967లో సారిచ్, విల్సను అను నిరువురు నెత్తురులోని మాంసకృత్తులను బోల్చి, నరుఁడును చింపాంజీయు విడివడి సుమారు 50 లక్షల యేండ్లు మాత్రమే యైనదని చెప్పిరి. ఎముకలపండితు లప్పుడు దానిని ద్రోసిపుచ్చిరి. 1980 ప్రాంతమున పొత్వారు పీఠభూమిలో శివపిథికస్ యొక్క ముఖభాగము దొరకెను. 1982లో పిల్‌బీము దానిని బ్రకటించెను. కన్నులగూళ్లును, ముఖపుటమరికయు నొరాంగుటానును బోలియుండెను. రామపిథికస్ వేఱుజాతి కాదు, శివపిథికస్సే యని పిమ్మట నంగీకరింపఁబడినది. అది నరునకు మూలపురుషుఁడు కాదు. ఒరాంగుటానుశాఖకుఁ జెందిన జ్ఞాతి. కొన్ని పండ్లను, ఒక దవడముక్కను బట్టి వంశకర్తను నిర్ణయించుట, శిథిలపత్ర మొక్కటి దొరకఁగా గ్రంథమంతయు నూహించి వ్రాయుటవంటిది. శాస్త్ర మా తప్పును దానే దిద్దుకొన్నది. దిద్దుకొనుటయే దాని ప్రామాణ్యమునకుఁ గుఱుతు.

5. లేఖకదోషన్యాయము

దాయాదిత్వమును నిర్ణయించు ప్రమాణ మేది యను ప్రశ్న మిగిలినది. తాళపత్రప్రతులను సరిచూచు పండితులకుఁ జిరపరిచితమైన న్యాయమే యిచటను బ్రమాణము. రెండు ప్రతులలో శుద్ధపాఠము సమానముగా నున్నంతమాత్రమున నవి యొక్క మాతృకనుండి వచ్చినవని చెప్పరాదు. కాని రెంటను ఒకేచోట, ఒకే యక్షరము, ఒకే విధమున జాఱిపోయినచో, ఆ రెండును ఒక్క మాతృక సంతానములే యనుట నిస్సంశయము. తప్పు పంచుకొన్నవారే దాయాదులు.

ప్రాణులలోఁ బెక్కు మృగములు తమకుఁ గావలసిన విటమిన్ సి అను ద్రవ్యమును దమ శరీరముననే చేసికొనును. మనుష్యుఁడు చేసికొనలేఁడు, ఉసిరికయో నిమ్మపండో తినవలసినదే. దానిని జేయు జన్యువు మనుష్యునిలోఁ బూర్తిగా లేకపోలేదు. చెడిపోయిన రూపమున నున్నది. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాను, కోఁతి — వీనిలోను నదే జన్యువు చెడియున్నది. గినీపందిలోను నా జన్యువు చెడినదే, కాని చెడిన తీరు వేఱు. వేఱు లేఖకుఁడు వేఱుచోటఁ జేసిన తప్పు అది.

మఱియొక సాక్ష్యము వైయాకరణులకుఁ బ్రీతికరము. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటానులకుఁ గ్రోమోసోములు 24 జతలు, మనుష్యునకు 23. ఒక జత యేమైనది? అది లోపించలేదు, సంధి జరిగినది. వానరములలో వేఱుగానున్న రెండు క్రోమోసోములు మనుష్యునిలో నొకదానితో నొకటి కలసి రెండవక్రోమోసోమైనవి. ప్రతి క్రోమోసోముకొనను నంతసూచకమైన యొక ప్రత్యేకవర్ణక్రమ ముండును. మనుష్యుని రెండవక్రోమోసోము నడుమ నట్టి యంతచిహ్నములు రెండెదురెదురుగాఁ గలసియున్నట్లు 1991లోఁ గనుఁగొనఁబడెను. సంధి జరిగినచోటఁ బూర్వపదాంతము మిగిలియుండుటచేతఁ బదచ్ఛేదము సులభమైనది.

2005లో చింపాంజీజన్యుసమూహ మంతయుఁ జదువఁబడెను. సరిపోల్చఁదగిన భాగములలో నక్షరభేదము నూటికి సుమారు 1.2 మాత్రమే. ఇది మనుష్యుని దక్కువచేయు మాట కాదు. అల్పమైన పాఠభేదముననే యర్థ మెంత మాఱునో కావ్యపాఠకు లెఱుఁగుదురు.

6. జ్వాలాపురపు బూడిద

ఆంధ్రదేశమునకు మరలి వచ్చినచో, నంద్యాలమండలమున బనగానపల్లె ప్రాంతమందలి జ్వాలాపుర మిపుడు లోకప్రసిద్ధము. అచట జుఱ్ఱేరులోయలో దళమైన తెల్లబూడిదపొర యున్నది. అది సుమత్రాద్వీపమందలి తోబా యగ్నిపర్వతము సుమారు 74,000 ఏండ్ల క్రిందటఁ బ్రేలినప్పుడు సముద్రము దాఁటి వచ్చి పడిన బూడిద. ఊరిపేరునందలి జ్వాలాశబ్దమును జూచి యా ప్రళయము స్మృతిలో నిలిచినదని భ్రమపడరాదు. ఆనాఁటి మాట యొక్కటియు నేఁటి భాషలలో మిగులుట కవకాశము లేదు.

పెట్రాగ్లియా, రవి కొరిసెట్టరు మొదలగువారు 2007లోఁ బ్రకటించినది యేమనఁగా: బూడిదకుఁ గ్రిందను ఱాతిపనిముట్లున్నవి, పైనను ఉన్నవి, రెండును నొక్కతీరునవే. కావున నంతటి యుత్పాతమునకును అచటి నరులు నశింపలేదు. ఇంతవఱకు వివాదము కొంచెము. ఆ నరు లెవ్వరను నదియే వివాదము. వారు నేఁటి మనుష్యజాతివారే యనియు, అనఁగా మనజాతి 74,000 ఏండ్లకు మున్నే యీ దేశముఁ జేరినదనియుఁ ద్రవ్వించినవారి మతము. 2013లో మెల్లర్సు మొదలగువారు దానిని ఖండించి, మనజాతి యంతకుఁ జాలకాలము తరువాతనే వచ్చెననియు, ఆ పనిముట్లు లుప్తనరజాతివై యుండవచ్చుననియు వాదించిరి.

ఈ వివాద మేల తెగదనఁగా, ఆ పొరలలోఁ బనిముట్లున్నవి కాని పుఱ్ఱె లేదు. కర్తృనామములేని కృతివలె నున్నది. శైలినిబట్టి కాలము నూహింపవచ్చును గాని కర్తను నిశ్చయింపరాదు. అత్తిరంపాకపుఁ బ్రాఁతపనిముట్లు సుమారు 15 లక్షల యేండ్లవని 2011లోను, అచటనే మధ్యశిలాయుగపు తీరు సుమారు 3,85,000 ఏండ్ల క్రిందటనే మొదలైనదని 2018లోను బ్రకటింపఁబడినది. ప్రకాశమండలపు రెట్లపల్లెపనిముట్లు సుమారు 1,39,000 ఏండ్లవని 2024లోఁ దెలిసినది. మనజాతికిఁ జెందిన యతిప్రాచీనాస్థు లాఫ్రికాలో సుమారు 3,00,000 ఏండ్లవి. కావున నత్తిరంపాకపుఁ బనిముట్లను జేసినవారు నిశ్చయముగా వేఱొక నరజాతి. భారతదేశమున నట్టివారి పుఱ్ఱె దొరకినది నర్మదాతీరమున హథ్నోరాయం దొక్కచోటనే. 1982లో అరుణ్ సోనకియా దానిని గనుఁగొనెను. అదియు నే జాతిదో యేకాభిప్రాయము లేదు.

నేల మౌనము వహించినచోట నెత్తురు మాటాడినది. 2010లో స్వాంటె పాబో మొదలగువారు నియండర్తాలు నెముకలనుండి జన్యులిపిని జదివిరి. ఆఫ్రికావెలుపలి జనులందఱిలోను నూటికి ఒకటి రెండు పాళ్లు నియండర్తాలు నంశము కలదని తేలెను. ఆ యేఁడే సైబీరియాలోని దెనిసోవాగుహలో దొరకిన వ్రేలియెముకవలన, అంతకుమున్ను పేరైనఁ దెలియని మఱియొక నరజాతి బయల్పడెను. పాబోకు 2022లో నోబెలు బహుమాన మొసఁగఁబడినది. హైదరాబాదులోని కణజీవశాస్త్రకేంద్రమునందు లాల్జీసింగు, తంగరాజు మొదలగువారు 2009లో భారతీయజనుల పూర్వవంశముల మిశ్రమమును గూర్చిన ప్రసిద్ధపరిశోధనమునఁ బాలుగొనిరి. 2025లోఁ బ్రకటితమైన మఱియొక పరిశోధనము 2,762 మంది భారతీయుల జన్యులిపిని జదివి, వారి వంశమునఁ బెక్కుభాగము సుమారు 50,000 ఏండ్ల క్రిందట నాఫ్రికానుండి వెలువడిన యొక్క సమూహమునుండియే వచ్చినదనియు, నియండర్తాలు నంశమున వైవిధ్యము భారతీయులలో నధికమనియుఁ జెప్పినది.

దీనినిబట్టి జ్వాలాపురపు బూడిదక్రింది నరులు మనజాతివారే యైనను, వారి సంతానము నేఁటివారిలో స్వల్పముగానైన మిగిలియుండునో లేదో యను సంశయము బలపడినది. వారు వచ్చినవారో, నశించినవారో, పుఱ్ఱె దొరకినఁ గాని తేలదు. ఇది వివాదము తీఱినదనుట కాదు. రెండు సాక్ష్యములను గలిపి చదువవలె ననుట.

పెద్ద కింగు పశుప్రాయమని పేరుపెట్టిన జాతియొక్క యంశము, పిన్న కింగు శిలలను బరిశోధించిన గోదావరీతీరవాసుల శరీరములలోఁ గూడ నున్నది. ఐనవిల్లి నేల ఆఱేడువేల యేండ్లదే. అచటివారి నెత్తురులోని వ్రాఁత మాత్రము లక్షలయేండ్లది.

7. ఉపసంహారము

2023లో జాతీయవిద్యాపరిశోధనమండలి పదవతరగతి విజ్ఞానపుస్తకమునుండి పరిణామప్రకరణమును దొలఁగించెను. 1,800 మందికి మించిన శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును దానిని బునఃస్థాపింపఁ గోరుచు లేఖ వ్రాసిరి. పండ్రెండవతరగతిలో నా విషయము మిగిలియున్నను, జీవశాస్త్రము చదువని బాలురకుఁ బదవతరగతియే తుదిమెట్టు. అట్టివారు "మనుష్యుఁడు కోఁతినుండి పుట్టెను" అను నశుద్ధవాక్యమునే వీథిలో నేర్చుకొందురు.

జ్వాలాపురమున బూడిదను వర్తకార్థము త్రవ్వుకొని పోవుచుండుటయు విచారింపఁదగినది. 74,000 ఏండ్లు నిలిచిన పత్రము మన కన్నులయెదుటఁ జిరుగుచున్నది. దాని క్రింది పుట లింకను జదువవలసినవి యున్నవి.

సిద్ధాంత మేమనఁగా: మనుష్యుఁడు కోఁతికిఁ గొడుకు కాఁడు, చింపాంజీ గొరిల్లాలకు దాయాది, కోఁతికి దూరజ్ఞాతి, నియండర్తాలు మొదలగు లుప్తనరులకు జ్ఞాతియుఁ గొంత వారసుఁడును. తెలుఁగు నఱవముల సంబంధమును శాస్త్రరీతిని బోధించు పండితులకు నీ మాట బోధించుట కష్టము కాదు. ఉపాధ్యాయు లశుద్ధవాక్యమును దిద్ది చెప్పుదురుగాక.